ఇవ్వని చీర

మా అమలమ్మ పిన్ని కారు కొంటోందని తెలిసినప్పుడు గుణదలలో నవ్వనివాళ్ళు లేరు. కిళ్ళీ కొట్టు దగ్గర నవ్వారు, ఆదివారం పూజ అయ్యాక మా చర్చి మెట్ల మీద నవ్వారు, మా ఇంట్లో మా నాన్న అయితే అన్నం తింటూ పొలమారేదాకా నవ్వాడు. అది డెబ్భై అయిదో సంవత్సరం. ఆ రోజుల్లో బెజవాడలో సొంత కారున్నవాళ్ళంటే వకీళ్ళు, డాక్టర్లు, సినిమా హాళ్ళ యజమానులు. పిన్ని వీళ్ళెవరూ కాదు. మిషన్ ఆసుపత్రిలో చాలా ఏళ్ళు నర్సుగా చేసి, ఆ ఉద్యోగం మానేసి, పిలిచిన ఇంటికల్లా వెళ్ళి కాన్పులు చేసే మనిషి. మా బాబాయి సొలొమోను రైల్వేలో పనిచేస్తూ పోయాడు. పిల్లలు లేరు. ఆయన తాలూకు డబ్బు కాస్త పోస్టాఫీసులో ఉంది. ఆ డబ్బుతో ఆవిడ ఏం చెయ్యాలో చెప్పని చుట్టం లేడు. ఇల్లు కట్టమన్నారు, నగలు చేయించుకోమన్నారు. మా అన్నదమ్ముల పేర రాసెయ్యమని మా నాన్న సిగ్గు లేకుండా అడిగాడు కూడా.

ఆ నవ్వులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నవ్విన ఇళ్ళల్లో సగం పిల్లలు ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్ళే. కారు ఎందుకు కొంటున్నావని మాత్రం ఒక్కడూ అడగలేదు.

నాకు తెలుసు. ఆ వానాకాలంలో రామవరప్పాడు అవతల ఒక కూలి ఇంట్లో కాన్పు కష్టమైంది. బిడ్డ అడ్డం తిరిగింది. వెంటనే పెద్దాసుపత్రికి తేవాలి. టాక్సీవాళ్ళని బతిమాలారు. నొప్పులు పడే మనిషిని ఎక్కించుకుంటే సీటు పాడవుతుందని ఒకడు, పొద్దున్నే బోణీకి ఇదేమిటని ఇంకొకడు తలుపులు వేసుకుని వెళ్ళిపోయారు. చివరికి రిక్షా దొరికింది. బురదలో రిక్షా నడవదు, మొగుడూ పిన్నీ వెనకనుంచి తోశారు. ఏలూరు రోడ్డు ఎక్కేలోపలే ఆ పిల్లా, కడుపులో బిడ్డా ఇద్దరూ పోయారు. పాతిపెట్టి వచ్చిన మర్నాడు పిన్ని మా ఇంటికొచ్చి, మంచినీళ్ళు కూడా అడక్కుండా, "ఒరే జాన్‌బాబూ, సెకండ్ హాండ్ కారు ఎంతవుద్దిరా?" అంది.

నేనప్పుడు మునిసిపల్ బడిలో లెక్కల మాస్టర్ని. సైకిలు తప్ప ఇంకేం తెలియనివాణ్ణి. అయినా మగాడు పక్కన లేకపోతే బ్రోకర్లు మాట్లాడరని నన్ను వెంటబెట్టుకుని ఆటోనగర్ బయల్దేరింది. అక్కడ జక్కయ్య అని పాత కార్ల బ్రోకరు ఉండేవాడు. కారు అమ్మినా కొన్నా రెండువైపులా కమీషను పుచ్చుకుని రెండువైపులా మొహమాటపడేవాడు. మమ్మల్ని చూడగానే ఒక అంబాసిడర్ తలుపు తీసి పట్టుకున్నాడు.

పిన్ని లోపలికి తొంగి చూడను కూడా లేదు. "దీనికి ఏడాదికి ఇన్సూరెన్సు ఎంత కట్టాలండీ?" అని అడిగింది.

జక్కయ్య నావైపు చూసి నవ్వాడు. "అమ్మగారూ, కారు కొనేవాళ్ళు ఇంజను చూస్తారండీ, టైర్లు చూస్తారు. ముందే ఇన్సూరెన్సు అడిగినోళ్ళని ఇప్పుడే చూస్తన్నానండీ."

"కొన్న డబ్బు ఒక్కసారే పోద్దండీ. ఇది ఏటేటా పోద్ది. ఏటేటా పోయేదాన్ని ముందు అడక్కపోతే ఎట్టా?"

వాడికి ఆ లెక్క అర్థం కాలేదు. నాకూ అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. పిన్ని అంతకుముందే గవర్నరుపేటలో ఇన్సూరెన్సు ఆఫీసుకి ఒక్కతే వెళ్ళి అన్నీ కనుక్కుని వచ్చింది. ఇంజను పెద్దదైతే ప్రీమియం పెద్దది. కారు ఖరీదు ఎక్కువైతే ఇంకా ఎక్కువ. అందుకని అంబాసిడర్ తన వల్ల కాదని పక్కన పెట్టేసింది. జక్కయ్య అప్పుడు చవకలో ఒక పాత లాండ్‌మాస్టర్ చూపించాడు. నాకు నచ్చింది. బండి గట్టిగా ఉంది, ధర పిన్నికి అందుబాటులో ఉంది. కానీ అంత పాత బండికి ఫుల్ ఇన్సూరెన్సు ఇవ్వరు.

"థర్డ్ పార్టీ చాలండీ," అన్నాడు జక్కయ్య. "పోలీసోడు ఆపితే చూపిచ్చడానికి. ఈ ఊళ్ళో అందరూ అదే కడతారు."

"అంటే నేనెవర్నన్నా గుద్దితే వాళ్ళకి వచ్చుద్ది. నా బండి పోతే నాకు రాదు. అంతేగా?"

"అంతేనండీ."

"బండి పోతే ఇంకో బండి కొనే శక్తి నాకు లేదండీ. జన్మకి ఒక్కసారే కొంటాను. నాకు ఫుల్ ఇన్సూరెన్సు ఇచ్చే బండే కావాల."

దసరా దాకా ఇలాగే తిరిగాం. చివరికి ఒక వకీలు గారి ఫియట్ కుదిరింది. మరీ పాతది కాదు, ఇంజను చిన్నది, వెనక సీటు పొడుగ్గా ఉంది. మనిషిని కాళ్ళు ముడిపించి పడుకోబెట్టడానికి సరిపోతుందా అని పిన్ని తనే ఎక్కి పడుకుని చూసింది. జక్కయ్య తల పక్కకి తిప్పుకున్నాడు. ఇన్సూరెన్సు వకీలు గారి పేరు మీద వచ్చే ఏడు దాకా ఉంది కాబట్టి అలాగే ఉండనిస్తే మార్చే ఖర్చు మిగులుతుందన్నాడు. పేరు ఆయనది, కారు నాది అయితే రేపు డబ్బెవరికిస్తారని పిన్ని అడిగింది. నన్ను ఎండలో నిలబెట్టి పేరు మార్పించేదాకా తాళం చేతిలోకి తీసుకోలేదు. బెజవాడలో కారు కొన్నవాళ్ళలో ఇంత జాగ్రత్తపడిన మనిషి ఇంకొకరున్నారంటే నేను నమ్మను.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. పేరు మార్పించే రోజున ఇన్సూరెన్సు ఆఫీసరుతో పిన్ని, "నేను కాన్పులకి వెళ్తానండీ, మనుషుల్ని ఎక్కించుకుంటాను, ఫర్వాలేదా?" అని నా ఎదురుగా అడిగింది. "కిరాయికి తిప్పరు కదమ్మా?" అన్నాడాయన. "అయ్యో దేవుడా, కిరాయేంటండీ!" అంది. "అయితే ఇంకేం," అని ముద్ర కొట్టాడు.

డ్రైవింగు కాలవ గట్టు మీద నేర్చుకుంది. ఆడమనిషి స్టీరింగు పట్టుకుంటే చూడటానికి మగవాళ్ళు పనులు మానుకుని వచ్చారు. కారు ఆగిపోతే చప్పట్లు కొట్టారు. అదే మగవాళ్ళు తర్వాత తమ ఇళ్ళల్లో అవసరం పడినప్పుడు ఏ వేళంటే ఆ వేళ వచ్చి తలుపు తట్టారు. భవానీపురం నుంచి, కంకిపాడు నుంచి, ఉయ్యూరు చెరుకు తోటల్లోంచి కూడా పిలుపులొచ్చేవి. పిన్ని వెళ్ళేది. కాన్పు చేసినందుకు ఇచ్చిందేదో పుచ్చుకునేది కానీ బండికని పైసా తీసుకునేది కాదు. పెట్రోలుకైనా తీసుకోమని నేను పోట్లాడేవాణ్ణి. డబ్బుకి తిప్పితే లేనివాళ్ళు పిలవడానికి భయపడతారని ఆవిడ వాదన.

పెట్టేది మాత్రం పుచ్చుకునేది. అది వేరే సంగతి. మా డెల్టాలో బిడ్డని చేతుల్లోకి తీసుకున్న మనిషిని ఒట్టి చేతులతో పంపించరు. హిందువుల ఇల్లయితే తాంబూలంలో రవికెల గుడ్డ, పళ్ళు, పసుపు, ఉంటే పైన ఒకటో రెండో రూపాయలు. మా కిరస్తానీ ఇళ్ళల్లోనూ తమలపాకులు ఉండకపోవచ్చు కానీ గుడ్డా పళ్ళూ తప్పవు. వద్దంటే ఆ ఇంటిని చిన్నచూపు చూసినట్టు. తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. పిన్ని ఇంట్లో ట్రంకుపెట్టె నిండా రంగురంగుల రవికెల గుడ్డలు ఉండేవి, పెళ్ళిళ్ళకి మా ఆడవాళ్ళందరికీ అవే పంచేది.

మరుసటి ఏడు చెరుకు ఆడే రోజుల్లో ఉయ్యూరు పక్కన ఒక నేతపేట నుంచి పాండురంగయ్య అనే ఆయన సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. భార్య శివపార్వతికి నొప్పులు మొదలై రోజు గడిచిపోయింది. ఆమెకి మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. పిన్ని సైకిలు కారు మీద కట్టించి ఆయన్ని ఎక్కించుకుని వెళ్ళి, ఆ పిల్లని పెద్దాసుపత్రికి తెచ్చి చేర్పించింది. ఆపరేషను చేసి ఆడపిల్లని తీశారు. ఇద్దరూ బతికారు. ఇంకాసేపు ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని డాక్టరమ్మే చెప్పింది.

తల్లి కోలుకున్నాక బస్సులో కుట్లు కదులుతాయని పిన్నే కారులో ఇంటి దగ్గర దింపింది. తాంబూలంలో రవికెల గుడ్డ, అరటిపళ్ళు, రెండు రూపాయలు పెట్టారు. ఆ ఇంట్లో అదే ఎక్కువ. పాండురంగయ్య మగ్గం మీద చీరలు నేస్తాడు గానీ ఒక్క చీరా ఆయనది కాదు. నూలు షావుకారుది, చీర షావుకారుది, ఆయనకి మిగిలేది కూలి. తిరిగొచ్చేటప్పుడు కంకిపాడు దగ్గర చెరుకు బండి ఎద్దు బెదిరి రోడ్డుకి అడ్డం వచ్చింది. పిన్ని దాన్ని తప్పించబోయి బందరు కాలవలోకి దిగిపోయింది. మోచేయి విరిగింది కానీ బతికి బయటపడింది. కారు ముందు భాగం రాతి కట్టకి కొట్టుకుని నుజ్జయింది, ఇంజనులోకి నీళ్ళు పోయాయి. బాగు చేయించడానికి అయ్యే ఖర్చుతో ఇంకో కారు కొనుక్కోవచ్చన్నాడు మెకానిక్కు.

పిన్ని చేతికి కట్టు కట్టించుకుంటూ కూడా నిబ్బరంగానే ఉంది. "అందుకే కదరా ఫుల్ ఇన్సూరెన్సు కట్టింది," అని నన్నే ఓదార్చింది.

మర్నాడు నష్టం చూసి రాసుకోవడానికి ఇన్సూరెన్సువాళ్ళ సర్వేయరు వచ్చాడు. కారు లోపలికి వంగి చూస్తే వెనక సీట్లో తడిసిన తాంబూలం కనిపించింది. ఇవెక్కడివమ్మా అని అడిగాడు. ఉయ్యూరులో పెట్టారండీ, తల్లినీ బిడ్డనీ దింపి వస్తన్నాను అంది. దాచాలని ఆవిడకి తోచలేదు. దాచడానికి అందులో ఏముంది? ఆయన తల ఊపుకుంటూ రాసుకుని, నేరుగా నేతపేటకి పోయి పాండురంగయ్యని పిలిపించి, "కారు వాడుకున్నందుకు ఆవిడకి ఏమిచ్చారు?" అని అడిగాడట.

ఎమర్జెన్సీ రోజులు కాబట్టి ఆఫీసర్లు టైముకి సీట్లో ఉండేవాళ్ళు. మమ్మల్ని పిలిపించి కూర్చోబెట్టి, క్లెయిము ఇవ్వడం కుదరదని టైముకే చెప్పారు. ప్రైవేటు కారుని కిరాయికి తిప్పారు, పాలసీ చెల్లదు. ముద్ర కొట్టిన ఆఫీసరే ఆ మాట అన్నాడు.

"రవికెల గుడ్డా అరటిపళ్ళూ కిరాయి అవుతాయటండీ?" అన్నాను.

"రవికెల గుడ్డ ఎవరన్నారండీ? పాతిక రూపాయలూ, ఒక పట్టంచు చీరా. పార్టీ తనే చెప్పి సంతకం పెట్టాడు. ఆయన మావగారు సాక్షి సంతకం పెట్టాడు."

పిన్ని కుర్చీలో ముందుకి వంగింది. "చీరా?" అంది.

నేను ఊరుకోలేదు. గట్టిగానే అరిచాను. ఆ చీర ఏదో చూపించమన్నాను, మా పిన్ని ఒంటి మీద పట్టంచు చీర మీలో ఎవరైనా చూశారా అన్నాను. ఈ దేశంలో బిడ్డని బతికించిన మనిషికి గుడ్డముక్క పెడితే అది నేరమా అని అడిగాను. మీ ఇంట్లో కాన్పు అయినప్పుడు మంత్రసానిని ఉత్త చేతులతో పంపారా అని కూడా అడిగాను. గుమాస్తాలందరూ రాతలు ఆపి చూస్తున్నారు. ఆఫీసరు చెమట తుడుచుకున్నాడు.

"నేనేం రాక్షసుణ్ణి కాదండీ. ఆయన చెప్పింది అబద్ధమైతే ఆయనా మావగారూ ఇద్దరూ వచ్చి ఆ మాట చెప్పమనండి. గుడ్డే పెట్టామంటే మర్యాద కింద రాసుకుంటాను. చీరా డబ్బూ అని కాగితం మీద ఉంటే పైవాళ్ళకి నేనేం చెప్పుకోను?"

సరే, దారి దొరికింది కదా అనుకున్నాను. ఒక్క నిజం చెప్పించాలి, అంతే. ఆదివారం పూజ అయ్యాక ఇద్దరం ఉయ్యూరు బస్సెక్కాం. కట్టుకట్టిన చేత్తో పిన్ని, దారి పొడుగునా ఆ పాండురంగయ్యని తిట్టుకుంటూ నేను. ఎవడైనా ఇచ్చిన దానికంటే తగ్గించి చెప్తాడు గానీ ఇవ్వని దాన్ని ఇచ్చానని ఎందుకు చెప్తాడు? పిచ్చివాడా, తాగుబోతా అనుకున్నాను.

ఆ ఇంట్లోకి అడుగు పెట్టగానే సంగతి అర్థమైంది. నులక మంచం మీద తెల్లటి మల్లుపంచె కట్టుకుని ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. శివపార్వతి తండ్రి చౌడయ్య, బందరులో బట్టల వ్యాపారి. పిన్ని తల్లినీ బిడ్డనీ దింపి వెళ్ళిన సాయంత్రం వచ్చి, అప్పట్నుంచి ఇక్కడే ఉన్నాడట. పాండురంగయ్య మగ్గం గుంట పక్కన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. పిన్నిని చూడగానే ఆయన చూపు మావగారి మీదికి పోయింది. ఉయ్యాల దగ్గర శివపార్వతి లేచి నిలబడింది.

మేం నోరు విప్పేలోపలే చౌడయ్య లేచి, పిన్నికి మంచం చూపించి, తను కింద పీట మీద కూర్చున్నాడు. "రండమ్మా, రండి. మీ చేతికేంటి, అయ్యో! ఇన్సూరెన్సాయన వచ్చినప్పుడు చెప్పాడు. నేనిక్కడే ఉన్నా. ఆయన అడిగాడు ఏమిచ్చారని. మా అల్లుడు నా ముందరే చెప్పాడు, పాతిక రూపాయలూ, పట్టంచు చీరా పెట్టి పంపామని." పెద్దాయన పీట ముందుకి జరుపుకున్నాడు. "మీ దగ్గర దాపరికం ఎందుకమ్మా, ఈ సంబంధం నాకిష్టం లేదు. మగ్గం గుంటలో కూచునేవాడు నా పిల్లనేం సాకుతాడని నాలుగేళ్ళు ఈ గడప తొక్కలేదు. నా కూతుర్ని బతికించిన తల్లికి తన చేత్తో నేసిన చీర పెట్టాడంటే, వాడు మనిషమ్మా. తప్పు నాది. అవునూ, చీర బాగుందా అమ్మా? మావోడి నేత ఎట్టా ఉంది?"

మగ్గం పక్కన పాండురంగయ్య తల దించుకున్నాడు. ఆ తాంబూలం స్వయంగా సర్దిన శివపార్వతి రెండు చేతులతో ఉయ్యాల తాడు పట్టుకుని పిన్ని వంకే చూస్తోంది. ఆ చూపులో ఏముందో నేను చెప్పలేను. చెప్పు పిన్నీ, ఇప్పుడే చెప్పెయ్యి, అని నాలో నేను అరుస్తున్నాను. నిజం చెప్పడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు. అడిగింది సాక్షి సంతకం పెట్టిన మనిషే.

"చాలా బాగుందండీ," అంది పిన్ని. "అంచు బాగా కుదిరింది. ఈస్టర్ పండక్కి కట్టుకుందామని దాచాను."

బిడ్డని ఎత్తుకుని బొడ్డు చూసింది, కళ్ళు చూసింది. తల్లికి పాలు సరిపోతున్నాయా అని అడిగింది. కాఫీ ఇస్తే తాగింది. కారు మాట ఎత్తలేదు. బయల్దేరేటప్పుడు పాండురంగయ్య బస్సు దాకా మా వెనకే వచ్చాడు. చేతులు జోడించాడు, కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. నాకు ఆయన్ని చెంప మీద కొట్టాలనిపించింది. పిన్ని మాత్రం, "పిల్లకి దగ్గొస్తే నాటు మందులు పొయ్యబాకండి, కబురు పెట్టండి," అని బస్సెక్కింది.

బస్సులో జనం ఉన్నారని కూడా చూడకుండా విరుచుకుపడ్డాను. "ఒక్క మాట చెప్పుంటే నీ కారు నీకొచ్చేది! బాబాయి డబ్బంతా కాలవలో పోసినట్టేగా? వాడు మామ దగ్గర గొప్ప కోసం కోసిన కోతకి నువ్వు కట్టాలా? నీకు రోషం లేదా?"

"ఉంది. ఆ ఆఫీసరుని చూస్తే నాకూ వొళ్ళు మండిందిరా. వాళ్ళకి చీర కాగితం మీద రాసుకోవడమే తెలుసు. ఎందుకన్నాడో అక్కర్లేదు."

"మరి చెప్పొచ్చుగా?"

"చెప్తే ఆ ఇంట్లో ఏమవుద్దో చూశావుగా. రేపు ఆ పేటలో ఇంకో పిల్లకి నొప్పులొస్తే నన్ను పిలుస్తారా? పరువు తీసిన మనిషిని గడప లోపలికి రానిస్తారా? పిలిస్తే వెళ్ళడానికే కదరా నేను కారు కొనుక్కుంది. పిలవకపోతే కారెందుకు నాకు?"

నాకు కోపం ఆగలేదు. "సరే, పిలుస్తారు. పిలిస్తే ఇప్పుడు దేంట్లో వెళ్తావు?" అన్నాను.

పిన్ని నావైపు చూసింది. కట్టులేని చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాబాయి పోయినప్పుడు కూడా నలుగురిలో కంటతడి పెట్టని మనిషి, ఆ రోజు ఉయ్యూరు నుంచి బెజవాడ దాకా ఏడుస్తూనే ఉంది.